జోడీ రేసుకి రిపేర్ కిట్ రివ్యూ: ఏది కొనాలి, ఏది అక్కర్లేదు

అందరికీ నమస్తే. ఇద్దరు జట్టుగా గంటల తరబడి, కొన్నిసార్లు రోజుల తరబడి తొక్కే మౌంటెన్ బైక్ రేసుకి వెంట పెట్టుకెళ్లాల్సిన రిపేర్ సామాను ఇది. ఒక్కొక్కటే చూపిస్తాను, నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను.

ముందు ఒక్క మాట. దక్షిణాఫ్రికాలో 2004లో మొదలైన కేప్ ఎపిక్ తెలుసు కదా, 8 రోజుల రేసు, ఇద్దరిద్దరు ఒక టీమ్. అందులో ఇద్దరి మధ్య ఎడం 2 నిమిషాలు దాటకూడదు, దాటితే పెనాల్టీ. అంటే మీ కాళ్లలో ఎంత సత్తువున్నా సరే, పార్ట్‌నర్ టైరులో గాలి పోయిందంటే మీరూ ఆగాల్సిందే. అందుకే నేను ప్రతి వస్తువునీ ఒకే ప్రశ్నతో చూస్తాను: ఇది రెండు సైకిళ్లకీ పనికొస్తుందా?

మొదట సీలెంట్. ట్యూబ్‌లెస్ టైరులో పోసే ఈ లేటెక్స్ ద్రవం చిన్న చిన్న ముల్లు రంధ్రాల్ని దానంతటదే మూసేస్తుంది, దీని గురించి రెండో మాటే లేదు, కావాలి. కాకపోతే నెలలు గడిచేకొద్దీ లోపల ఎండిపోతుంది, ఎండల్లో ఇంకా తొందరగా. చక్రం విప్పి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి, లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడు రాకపోతే రేసుకి ముందే మళ్లీ పోయండి.

ఇప్పుడు ప్లగ్, ఈ మొత్తం కిట్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. సూది కన్నులో జిగురు పట్టీ ఎక్కించి, రంధ్రంలోకి గట్టిగా పొడిచి, పట్టీ కొస సెంటీమీటరంత బయటే ఉంచి సూదిని ఒక్క ఊపున లాగేయాలి, ఆ తర్వాత రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పెడితే సీలెంట్ అక్కడికి చేరి మిగతా పని అది చూసుకుంటుంది. చక్రం విప్పక్కర్లేదు, టైరు ఊడదీయక్కర్లేదు. ఇద్దరూ చెరొకటి పెట్టుకోండి, అదీ సంచి అడుగున కాదు, చెయ్యి పెడితే అందేలా.

టైరులో ఒక్కసారిగా గాలి నింపే గ్యాస్ కార్ట్రిడ్జ్ సంగతికొస్తే, వేగం బాగుంది, కానీ 29 అంగుళాల టైరుకి 16 గ్రాములది చాలీచాలకుండా ఉంటుంది, 25 గ్రాములది తీసుకోండి. తెరిచినప్పుడు మంచు పట్టేంత చల్లబడుతుంది, గ్లోవ్స్ తియ్యొద్దు. అయినా ఇది ఒక్కసారికే, అందుకని చిన్న పంపు ఒకటి తప్పనిసరి.

చాలామంది మర్చిపోయేది డీరెయిలర్ హ్యాంగర్. వెనక గేర్లు మార్చే డీరెయిలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచుతూ, రాయికి తగిలినప్పుడు ఫ్రేమ్ పాడవకుండా తాను వంగిపోయే చిన్న అల్యూమినియం ముక్క ఇది, సైకిల్‌ని బట్టి ఆకారం మారిపోతుంది. సైకిల్ విడిభాగాల కంపెనీ స్రామ్ 2019లో తెచ్చిన యూనివర్సల్ హ్యాంగర్ మీ రెండు సైకిళ్లకీ ఉంటే ఒక్క స్పేర్ చాలు, లేదంటే రెండు రకాలూ మోయాల్సిందే, బరువు కూడా ఏమంత ఉండదు కాబట్టి దీని మీద పిసినారితనం వద్దు. తెగిన చైన్‌ని మళ్లీ కలిపే క్విక్ లింక్ కూడా అంతే, 11 స్పీడ్‌ది (అంటే వెనక 11 గేర్లున్న సైకిల్‌ది) 12 స్పీడ్ చైన్‌కి వెయ్యకూడదు. మల్టీటూల్ ఏ కంపెనీదైనా పర్లేదు, చైన్ పిన్ను బయటికి నెట్టే చైన్ బ్రేకర్ ఉంటే చాలు. ట్యూబ్ మాత్రం ఒకటి ఉంచండి, సైడ్‌వాల్, అంటే టైరు పక్క భాగం, కోసుకుపోతే ప్లగ్ ఆగదు. ప్యాచ్ కిట్, పెద్ద ప్లయర్ లాంటివి ఇంట్లో పెట్టేయండి.

ఇవన్నీ కొన్నాక మీరు మీ సైకిల్ మీద కాదు, పార్ట్‌నర్ సైకిల్ మీద ప్రాక్టీస్ చెయ్యండి, వాళ్లు మీదాని మీద. ఒకరి చక్రం యాక్సిల్ (ఇరుసు) చేత్తో తిప్పే లివర్‌తో వస్తుంది, ఇంకొకరిది 6 ఎంఎం ఆలెన్ కీ లేకపోతే కదలదు. మీ మల్టీటూల్‌లో ఆ సైజు ఉందో లేదో ఇవాళే తీసి చూడండి.