బుట్టకమ్మలు 21 గ్రాములు తాగాయి!

నమస్తే అండీ. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో నగలు డిజైన్ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చా అని తెగ అడుగుతున్నారు. అమ్ముకోవచ్చు. ముందు నేను చేసిన ఘనకార్యం వినండి.

ఒక షాపువాళ్లు వాట్సాప్‌లో బుట్టకమ్మల పని ఇచ్చారు. 22 క్యారెట్లు, జత 13 గ్రాములు దాటకూడదు. స్క్రీన్ మీద 12.4 చూపించింది. హమ్మయ్య అనుకుని ఫైల్ పంపేశాను. వాళ్ల ఆచారిగారు మైనం అచ్చు తీయించి కాటాలో వేశారు. మైనం బరువుని 18తో హెచ్చవేస్తే బంగారం ఎంత పడుతుందో ఇంచుమించు తెలిసిపోతుంది. ఆయన ఫోన్ చేసి, "ఏమ్మా, ఇవి 21 గ్రాములు తాగేలా ఉన్నాయే!" అన్నారు. తీరా చూస్తే, సాఫ్ట్‌వేర్‌లో లోహం వెండి అని పెట్టి ఉంది! ఒక ఘన సెంటీమీటరు స్టెర్లింగ్ వెండి 10 గ్రాముల పైచిలుకు, 22 క్యారెట్ల బంగారమైతే దాదాపు 18. పోత పోయకముందే బయటపడింది కాబట్టి బతికిపోయాను. బుట్ట గోడలు పల్చన చేసి, జాలీ పెంచి మళ్లీ పంపాను.

మెరిసిపోయే రెండర్ (కంప్యూటర్ తీసిచ్చే నగ బొమ్మ) చూసి అందరూ మెచ్చుకుంటారు. షాపువాళ్లు డబ్బులిచ్చేది మాత్రం బరువు తప్పని, పోతలో విరగని ఫైలుకే.

నేర్చుకోవడానికి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ ఉచితం. కొలతల పనికి రైనో అనే సాఫ్ట్‌వేర్ సుఖం, కానీ కొనుక్కోవాలి. సీజీట్రేడర్, కల్ట్స్ లాంటి సైట్లలో ఒకే ఎస్‌టీఎల్ ఫైల్‌ని (నగ 3డీ ఆకారం ఉండే ఫైలు) ఎంతమందికైనా అమ్మొచ్చు. నాకైతే వాటి మీద పెద్ద ఆశ లేదు, అక్కడ ఉంగరాలు కుప్పలుతెప్పలు. సొంత డిజైనర్‌ని పెట్టుకోలేని చిన్న ఊరి షాపులు, కొత్త మోడళ్లు వెతుక్కునే మచిలీపట్నం రోల్డ్ గోల్డ్ వాళ్లు, వీళ్ల దగ్గర పీసుకింత అని మాట్లాడుకోవడం మేలు. కాసులపేరు, వడ్డాణం ఎలా కూర్చుంటాయో మనకి తెలుసు కదా!

ఇంకో మాట. కొత్త డిజైన్ చేయగానే ఇన్‌స్టాలో పెట్టేయకండి. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు హక్కు మీదే. ముందే జనంలోకి వెళ్లిపోతే అది కొత్త డిజైన్ కిందకి రాదు. దరఖాస్తు పెట్టాకే పోస్ట్ చేయండి.