పరుగు మధ్యలో పడిపోతే

శ్రోతలందరికీ నమస్కారం.

1988 జనవరి 5. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, పసడీనా. ఒక చర్చి జిమ్‌లో కొందరు సరదాగా బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. వాళ్లలో పీట్ మారవిచ్ ఉన్నాడు. ఆయన మామూలు ఆటగాడు కాదు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ జట్టులో మూడే సీజన్లు ఆడి 3667 పాయింట్లు కొట్టాడు. తర్వాత పదేళ్లపాటు ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆడాడు. 1977లో ఒక్క మ్యాచ్‌లోనే 68 పాయింట్లు! ఆ రోజు ఆట కాస్త ఆగినప్పుడు, ఒంట్లో చాలా బాగుందని పక్కనున్నాయనతో అన్నాడు. అంతలోనే కుప్పకూలాడు. మళ్లీ లేవలేదు. వయసు 40.

పోస్ట్‌మార్టంలో తేలిందేమిటో తెలుసా? గుండె కండరానికి రక్తం అందించే ఎడమ కరోనరీ ధమని ఆయనకు పుట్టుకతోనే లేదు. కుడి ధమని ఒక్కటే పెద్దదై, గుండె మొత్తాన్నీ పోషిస్తూ వచ్చింది. ఇన్నేళ్లు ఎలా పరుగెత్తాడా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇది విని భయపడకండి. కరోనరీ ధమనుల్లో పుట్టుకతో వచ్చే తేడాలు చాలావరకు ఏ హానీ చేయవు. ప్రమాదమల్లా కొన్నింటితోనే. వాటిలో ముఖ్యమైనది, ఎడమ ధమని తన చోట కాకుండా కుడివైపు పుట్టి, బృహద్ధమనికీ (గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) ఊపిరితిత్తులకు వెళ్లే ధమనికీ మధ్య నుంచి రావడం. దాని మొదలు గుండ్రంగా ఉండదు, సన్నటి చీలికలా ఉంటుంది. కొంతదూరం బృహద్ధమని గోడలోనే నడుస్తుంది. కూర్చున్నప్పుడు ఆ దారి సరిపోతుంది. పరుగెత్తినప్పుడు సరిపోదు. అందుకే పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్. ఒక్కోసారి ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా నార్మల్.

దీనికి ఆపరేషన్ ఉంది. గోడలో ఇరుక్కున్న ధమనికీ బృహద్ధమనికీ మధ్యనున్న పొరను కోసి, మొదలును వెడల్పు చేస్తారు. అలా కుదరకపోతే ధమనిని వేరుచేసి సరైన చోట కుడతారు. బైపాస్ చేయొచ్చు కదా అంటారు కొందరు. విశ్రాంతిలో అసలు ధమనిలోనే రక్తం బాగా పారుతుంటే, కొత్తగా వేసిన నాళంలోకి ప్రవాహం తగ్గి, అది మూసుకుపోవచ్చు. అందుకే ఇక్కడ బైపాస్ మొదటి దారి కాదు. అనుభవమున్న చేతుల్లో పెద్దవాళ్లకూ ఈ ఆపరేషన్ ఫలితాలు బాగానే ఉంటాయి. అయినా కొందరికి ఛాతీనొప్పి పూర్తిగా పోదు, కొందరికి బృహద్ధమని కవాటం కాస్త లీకవుతుంది. ఏ బాధా లేని అరవై ఏళ్ల మనిషికి, మరేదో పరీక్షలో కుడి ధమని ఎడమవైపు పుట్టిందని బయటపడిందనుకోండి. వెంటనే కత్తి పట్టాల్సిన పని లేదని నా అభిప్రాయం.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఊళ్లలో తెల్లవారకముందే పిల్లలు పోలీసు ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తుంటారు. ఒకరు పడిపోతే నీళ్లు చల్లి, ‘టిఫిన్ చేయలేదు, అందుకే’ అని లేపి పంపించేస్తాం. దయచేసి ఒక్క ప్రశ్న అడగండి. ఎప్పుడు పడ్డావు, బాబూ? ఊరికే నిలబడినప్పుడా, పరుగు మధ్యలోనా? పరుగు మధ్యలో స్పృహ తప్పినా, పరుగెత్తేటప్పుడు ఛాతీ పట్టేసినా, అమ్మాయైనా అబ్బాయైనా ఆ రోజే పరుగు ఆపించి గుండె డాక్టరుకు చూపించండి. ‘పరుగెత్తుతుండగానే పడిపోయాడు’ అని ఆ మాటలోనే చెప్పండి. ఈసీజీ నార్మల్ అని ఇంటికి రాకండి. టూడీ ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, కరోనరీలు ఎక్కడ మొదలయ్యాయో చూశారా అని అడగండి. సరిగ్గా కనబడకపోతే సీటీ యాంజియో, అంటే రక్తనాళాలను చూపే సీటీ స్కాన్, అవసరమా అని అడగండి. ధమని పుట్టిన చోటు, నడిచిన దారి అందులో స్పష్టంగా కనిపిస్తాయి.

ఆపరేషన్ అయినవాళ్లు కనీసం మూడు నెలలు పోటీల జోలికి వెళ్లకూడదు. ఆ తర్వాత గట్టిగా పరుగెత్తించి పరీక్ష చేసి, డాక్టరు సరేనన్నాకే మళ్లీ మైదానం.