కలిసి చదివేవారికి ఒకే షీటు: పఠన ప్రణాళిక, పుస్తక సిఫార్సులు

నమస్కారం. నలుగురు కలిసి ఒక పుస్తకం మొదలుపెడతారు. మొదటి వారం మంచి హుషారు. మూడో వారానికి ఒకరు చివరికి వచ్చేసి ఉంటారు, ఇంకొకరు ఎక్కడున్నారో చెప్పరు. అందుకే ఈరోజు ఒక గూగుల్ షీటు తయారుచేద్దాం. ఒక ట్యాబు ప్రణాళికకు, ఇంకో ట్యాబు సిఫార్సులకు. అంతే.

బ్రౌజరు తెరిచి అడ్రసు బారులో షీట్స్ డాట్ న్యూ అని కొట్టండి. నేరుగా ఖాళీ షీటు వచ్చేస్తుంది, ఇదిగో. మెనూలన్నీ వెతుక్కునే ఓపిక నాకు లేదు, ఎప్పుడూ ఇలాగే తెరుస్తాను.

పైవరసలో వారం, తేదీ, ఎక్కడి దాకా, ఆ తర్వాత ఒక్కొక్కరి పేరు. పేర్ల కింది గడులు ఎంచుకుని, ఇన్సర్ట్, చెక్‌బాక్స్. అయిపోయింది. తేదీకి వద్దాం. మొదటి తేదీ బీ2 గడిలో వేశాను. దాని కింద ఈ సూత్రం, చూడండి, ఈక్వల్స్ గుర్తు, బీ2 ప్లస్ 7. ఎంటర్. మూల పట్టుకుని కిందికి లాగండి, వారాలన్నీ వాటంతటవే పడతాయి. నెల మాత్రం పేరుతో కనిపించేలా పెట్టండి. 5/6 అని ఉంటే ఒకరు జూన్ 5 అనుకుంటారు, ఒకరు మే 6 అనుకుంటారు.

ఇప్పుడు "ఎక్కడి దాకా" గడి. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ప్రణాళికలు చెడేది ఇక్కడే. ఇందులో పేజీ సంఖ్య వేయకండి. మళ్లీ చెబుతున్నాను, పేజీ సంఖ్య వద్దు. మీ దగ్గర గట్టి అట్ట ప్రతి ఉంది, నా దగ్గర పేపర్‌బ్యాక్ ఉంది. మీ 120వ పేజీ, నా 120వ పేజీ ఒకటి కావు. ఈ-బుక్కులో అక్షరాల సైజు పెంచితే తెర మీద పట్టే మేర మారిపోతుంది. ఆడియోలో అసలు పేజీలే లేవు. అందరి దగ్గరా ఒకే ముద్రణ ఉందో లేదో ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి దాని మీద ముద్రించే సంఖ్య, చూస్తే తెలుస్తుంది. ఒకే పుస్తకమైనా గట్టి అట్టకు ఒక సంఖ్య, పేపర్‌బ్యాక్‌కు ఇంకో సంఖ్య ఇస్తారు. 2007 నుంచి ఇది 13 అంకెలు, అంతకుముందు 10. పాత సంఖ్య సున్నాతో మొదలైతే షీటు ఆ సున్నాను మింగేస్తుంది, ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టండి.

మరి ఏం రాయాలి? అధ్యాయం. అదీ భాగంతో కలిపి: "రెండో భాగం, మూడో అధ్యాయం." కొన్ని పుస్తకాల్లో ప్రతి భాగానికీ అంకెలు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. ఆడియోలో ఒక్కోసారి ముందుమాటను కూడా ఒక అధ్యాయంగా లెక్కేస్తారు, అప్పుడు అన్నీ ఒక అంకె జరిగిపోతాయి. అధ్యాయాలే లేని పుస్తకమైతే, ఆగాల్సిన చోటు తర్వాత వచ్చే మొదటి నాలుగు మాటలు గడిలో రాయండి. ఈ-బుక్కు ఉన్నవారు ఆ మాటలతోనే వెతుక్కోవచ్చు. ఇక అధ్యాయాలన్నీ ఒకే పొడవుండవు కాబట్టి, పంచేముందు విషయసూచిక ఒకసారి చూడండి. పేజీలు పనికొచ్చేది అక్కడే.

రెండో ట్యాబు, సిఫార్సులు. పుస్తకం, రచయిత, భాష, ఎవరు చెప్పారు, ఎప్పుడు. కంట్రోల్ నొక్కి సెమీకోలన్ కొడితే ఈరోజు తేదీ పడుతుంది, నాకు చాలా ఇష్టమైన షార్ట్‌కట్ ఇది. నక్షత్రాల వరస నేను పెట్టను. నాలుగు నక్షత్రాలంటే ఏమిటో ఇచ్చినవారికే తెలియాలి. దాని బదులు "ఎవరికి నచ్చదు" అని ఒక నిలువు వరస పెట్టండి. ఇదిగో, ఇలా: "నెమ్మదిగా సాగే కథ పడనివారికి నచ్చదు." ఈ ఒక్క ముక్క చూసి చదవాలో వద్దో తేల్చుకోవచ్చు. కథ బయటపడే మాట చెప్పాల్సి వస్తే షిఫ్ట్, ఎఫ్2. నోటు తెరుచుకుంటుంది, అందులో రాయండి. గడి మీద మౌసు పెడితేనే కనిపిస్తుంది.

భాషను బట్టి వడకట్టుకోవాలంటే మామూలు ఫిల్టర్ వాడకండి. మీరు దాచిన వరసలు మిగతావారికీ మాయమవుతాయి. డేటా మెనూలో ఫిల్టర్ వ్యూ ఉంది, అది వాడండి.

షేర్ బటన్ పైన కుడివైపు. మొదట రిస్ట్రిక్టెడ్ అని ఉంటుంది, అలాగే లింకు పంపితే అందరూ అనుమతి అడుగుతూ కూర్చుంటారు. మీతో చదివేవారి ఈమెయిళ్లు చేర్చి ఎడిటర్ ఇవ్వండి. బయటివారికి చూపించాలంటే "లింకు ఉన్న ఎవరైనా" ఎంచుకుని వ్యూయర్.

ఇంకో గుంపు ఇదే షీటు అడిగితే, లింకులో ఎడిట్ అన్న మాట నుంచి చివరిదాకా చెరిపి, అక్కడ కాపీ అని కొట్టి పంపండి. తెర మీద చూడండి, ఇలా. తెరవగానే సొంత ప్రతి చేసుకోమని వారినే అడుగుతుంది, వారు అందులో ఏం మార్చినా మీ షీటు మారదు.