డైనింగ్ టేబుల్ ఎత్తు హర్డిల్ | మా వైజాగ్ ట్రిప్ వ్లాగ్

నమస్తే అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈసారి వీడియో మేముండే సౌదీ ఖోబర్ నుంచి కాదు, మా వైజాగ్ నుంచి. టైమ్ ఉదయం ఐదుంపావు. మీకు కనిపిస్తున్నది ఆర్కే బీచ్ రోడ్డు. తెల్లవారుజామున ఇటు బండ్లు రానివ్వరు, రోడ్డంతా నడిచేవాళ్లదే. నా ముందు చరచరా పోతున్న పిల్ల మా మేనకోడలు. హర్డిల్స్ పరిగెడుతుంది, అంటే దారికి అడ్డంగా పెట్టిన కర్రల్ని దాటుకుంటూ పరిగెత్తే పందెం. మొహం చూపించనంటేనే వీడియోకి ఒప్పుకుంది. అందుకని ఇవాళ మీకు కాళ్లే కనిపిస్తాయి. ఈ వీడియోకి కావాల్సినవీ అవే లెండి.

సంక్రాంతికి వచ్చాం. సింహాచలం, పూర్ణా మార్కెట్ షాపింగ్, అరిసెలు, ఆ వీడియోలు తర్వాత వస్తాయి. ముందు ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

గల్ఫ్ నుంచి బయల్దేరుతున్నామంటే ఇంటి నుంచి లిస్టు వస్తుంది కదా. అమ్మకి యాక్స్ ఆయిల్, వదినకి నిడో పాలపొడి డబ్బాలు, అన్నయ్యకి ఖర్జూరం. పిల్ల మాత్రం స్పైక్స్ షూ అడిగింది, అడుగున మేకులుండే పరుగు షూ. పాదం కింద స్కేలు పెట్టి ఫొటో తీసి మరీ పంపింది. నేను షాపుకెళ్లి సైజు చూశాను, రంగు చూశాను, తెచ్చేశాను. ఇంటికొచ్చాక పెట్టె విప్పి, ఒక షూ తీసి రెండు చేతులతో వంచింది. సులువుగా వంగింది. మడమ దగ్గర బొటనవేలితో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది. "అత్తా, ఇవి లాంగ్ డిస్టెన్స్‌వి" అంది, అంతే. స్ప్రింట్ వాళ్ల షూకి ముందు భాగం పలకలాగా బిగుసుకుని ఉంటుందట, వంగదట. మడమ కింద మెత్త కూడా ఉండీ లేనట్టే ఉంటుందట, వాళ్లు మునివేళ్ల మీదే పరిగెడతారు కాబట్టి. నాకేం తెలుసు? 320 రియాళ్లు. మా వారికి ఈ ముక్క ఇంకా చెప్పలేదు, వీడియోలో చూసి తెలుసుకుంటారు.

ఆ పిల్ల నన్నే ఎందుకు అడిగిందంటే, దానికో కథ ఉంది. 2025 ఏప్రిల్ 15 నుంచి 18 దాకా దమ్మామ్‌లో ఆసియా అండర్ 18 అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మా ఇంటికి అరగంట దూరం. "అత్తా, నువ్వెళ్లి తీరాలి, హర్డిల్స్ నాకోసం వీడియో తియ్యాలి" అని వాట్సాప్‌లో ఒకటే గోల. సరేనని వెళ్లాను. క్రికెట్ తప్ప స్టేడియంలో ఏ ఆటా చూసిన మొహం కాదు నాది.

వెళ్లాక ఏం చేశానో వినండి. అబ్బాయిల 5,000 మీటర్ల నడక పోటీ. మనం ఇప్పుడు బీచ్‌లో నడుస్తున్న నడక అనుకునేరు. ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉండాల్సిందే, ముందుకు వేసిన కాలు నేలకి తగిలిన దగ్గర్నుంచీ నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. చూస్తే నడుములు తిప్పుతూ వింతగా ఉంటుంది గానీ, పక్కన పరిగెత్తినా నేను వాళ్లని అందుకోలేను. వాళ్లు బయల్దేరిన చోటుకి దగ్గర్లో కూర్చున్నాను. ఎక్కడ మొదలెట్టారో అక్కడే ఆపుతారు కదా అని నా తెలివి. ట్రాక్ చుట్టూ ఒక రౌండు 400 మీటర్లు. 5,000 అంటే పన్నెండున్నర రౌండ్లు. ఆ అర సంగతి నా బుర్రకి తట్టలేదు. కెమెరా నా వైపు తిప్పుకుని "ఫ్రెండ్స్, ఇంకా కొంచెం ఉంది, మనవాడు ముందే ఉన్నాడు" అంటున్నాను. అటు చివర ఒక్కసారిగా కేకలు! ఫినిష్ లైను అక్కడుంది. చైనా అబ్బాయి 20 నిమిషాల 21.50 సెకన్లు. మన నితిన్ గుప్తా 20 నిమిషాల 21.51. సెకనులో వందో వంతు తేడాతో వెండి పతకం. ఇరవై నిమిషాలు నడిచి ఇద్దరూ అగ్గిపుల్ల అంత దూరంలో తేలారు. నా వీడియోలో ఉన్నది నా మొహం, వెనకాల కేకలు.

ఆ క్లిప్ చూసి మా మేనకోడలు రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

మిగతా రోజులు బుద్ధిగా ఫినిష్ లైను దగ్గరే కూర్చున్నాను లెండి. మనవాళ్లకి మొత్తం 11 పతకాలు వచ్చాయి, అందులో బంగారం ఒక్కటే. అది హిమాన్షు జాఖర్‌ది, జావెలిన్ అంటే ఈటెని 67.57 మీటర్లు విసిరాడు. అయితే ఈ వయసు మగపిల్లల జావెలిన్ 700 గ్రాములే, పెద్దవాళ్లది 800. షాట్‌పుట్ గుండు కూడా అంతే, పెద్దవాళ్లకి 7.26 కిలోలైతే వీళ్లకి 5. నాకు బాగా నచ్చింది మాత్రం మెడ్లీ రిలే. నలుగురూ ఒకే దూరం పరిగెత్తరు. ఒకరు 100 మీటర్లు, ఇంకొకరు 200, తర్వాత 300, ఆఖరివాడికి 400. ఇంట్లో పనుల పంపకం లాంటిదే, చివర ఉన్నవాడికి ఎక్కువ పడుతుంది. అందులో మన అబ్బాయిలకి వెండి వచ్చింది.

సరే, గ్రౌండ్ వచ్చేసింది. మట్టి గ్రౌండ్. రాత్రి మంచుకి ఎర్రమట్టి కాస్త తడిసి, అడుగు వేస్తే అచ్చు పడుతోంది. వ్యాయామం మాస్టారు అప్పటికే సున్నంతో గీతలు గీస్తున్నారు. నన్ను చూసి, "ఏటమ్మా, ఆ ఫోను జేబులో ఎట్టి ఈ టేపు కొస పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. బయల్దేరే గీత నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు. అక్కడి నుంచి ఒక్కోదానికి మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. పదోది దాటాక ఆఖరి గీతకి పదిన్నర. అన్నీ కలిపితే 100. పది హర్డిల్స్ ఉండాలి గానీ ఇక్కడ ఏడే ఉన్నాయి. అందులో ఒకదానికి అడ్డకర్ర విరిగితే, వెదురుబద్ద కట్టి తెల్ల పెయింట్ వేశారు.

ఇన్నాళ్లూ హర్డిల్స్ అంటే ఎగరడం అనుకున్నాను. మాస్టారు నవ్వారు. ఎగిరితే పోయినట్టేనట. గాల్లో ఎంతసేపు ఉంటే అంత టైమ్ దండగ. అడ్డాన్ని దాటుతూ పరిగెత్తడమే, అంతే. మొదటిదాని దాకా ఎనిమిది అడుగులు, ఆ తర్వాత ఒక్కోదానికి మధ్య మూడే మూడు. నాలుగు పడ్డాయంటే ముందు లేచే కాలు మారిపోతుంది, కుడికాలు అలవాటైన పిల్ల ఎడమ కాలితో దాటాల్సి వస్తుంది. మా పిల్లకి ఐదో హర్డిల్ దాకా మూడడుగులు చక్కగా పడుతున్నాయి. ఆరోదానికి వచ్చేసరికి వేగం తగ్గి, అడుగు పొట్టిదై, నాలుగోది పడిపోతోంది. మూడు నెలలుగా ఇదే గొడవ. వెనకాల వచ్చే కాలి చీలమండ లోపలివైపు చూపిస్తాను చూడండి, కర్ర తగిలి తగిలి నల్లగా కాయ కాసింది. ఆ మచ్చ మీద మా అమ్మ రోజూ రాత్రి కొబ్బరినూనె రాస్తుంది. రాస్తూ, "ఏటే ఆ గంతులు" అని తిడుతుంది.

ఎత్తు ఎంతో మీకు అర్థమయ్యేలా చెబుదామని ఇంటికొచ్చాక వదిన బ్లౌజులు కుట్టే టేపు తీశాను. అండర్ 18 ఆడపిల్లల హర్డిల్ 76.2 సెంటీమీటర్లు. మా డైనింగ్ టేబుల్ 76! పెద్దవాళ్లది 83.8. మా వంటగట్టు కొలిస్తే 84. అంటే ఆడపిల్ల డైనింగ్ టేబుల్ నుంచి వంటగట్టుకి ఎదగాలన్నమాట. (ఈ మాటకి మా వదిన నా వైపు చూసిన చూపు ఎడిటింగ్‌లో తీసేశాను.)

ఇదంతా జరిగిన రోజే సాయంత్రం ఇంటికి ఒకాయన వచ్చారు. పిల్ల టెన్త్ కదా, మార్చిలో పరీక్షలు. ఒక ఇంటర్ కాలేజీ పీఆర్వో. పేరు వద్దులెండి, వాళ్లందరిదీ ఒకే పాంప్లెట్టు, ఫొటోలే మారతాయి. జనవరిలోనే సీటు కట్టేసుకుంటే ఫీజులో డిస్కౌంటు, ఏసీ క్లాసులు, ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్స్. వదిన శ్రద్ధగా వింటోంది. అన్నయ్య టీ తాగుతున్నాడు. పిల్ల తలుపు దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది.

"గ్రౌండ్ ఉందా అండీ?"

ఆయన ఒక క్షణం ఆగి, "ఇండోర్ గేమ్స్ ఉన్నాయమ్మా. క్యారమ్స్, చెస్" అన్నారు.

నాకు నవ్వొచ్చింది గానీ ఆ రాత్రి పడుకున్నాక లెక్క వేసుకుంటే నవ్వు పోయింది. అంతకుముందు ఈ వయసు పిల్లలకి ప్రపంచ పోటీలే ఉండేవి. 2017లో నైరోబీలో జరిగినవే ఆఖరివి. ఆ తర్వాత ఈ వయసుకి పెద్ద మెట్టు అంటే, యూత్ ఒలింపిక్స్ పక్కన పెడితే, ఏ ఖండానికి ఆ ఖండం పెట్టుకునే పోటీలే. మన ఆసియావి 2015లో దోహాలో మొదలయ్యాయి, 2021వి రద్దయ్యాయి, మిగతావి రెండేళ్లకోసారి నడుస్తున్నాయి. దమ్మామ్‌లో నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది వయసు పదహారూ పదిహేడూ. అంటే సరిగ్గా మన ఇంటర్ ఫస్టియర్, సెకండియర్! అక్కడ పిల్లలు వందో వంతు సెకను కోసం కొట్టుకుంటున్న ఆ రెండేళ్లూ, ఇక్కడ మనం పిల్లల్ని రోజుకి పదిహేను గంటలు కుర్చీలో కూర్చోబెట్టే రెండేళ్లు. మా పిల్ల 2010లో పుట్టింది. "2027కి నాకు పదిహేడు, సరిపోద్ది అత్తా" అని తను ఎప్పుడో లెక్క వేసుకుని కూర్చుంది. జిల్లా దాటి ఆడిందే లేదు, ధీమా చూడండి. అయినా వదినని కూడా తప్పు పట్టలేను. ర్యాంకు రాకపోతే ఏం చెయ్యాలో ఆవిడకి తెలుసు, కాలు విరిగితే ఏం చెయ్యాలో తెలియదు.

పిల్ల దగ్గర ఇంకో ఆయుధం ఉంది, జ్యోతి యర్రాజీ. ఈ ఊరి అమ్మాయే, పోర్ట్ హైస్కూల్లో చదువుకుంది, నాన్న సెక్యూరిటీ గార్డు. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన మొదటి భారత మహిళ, 2024 పారిస్‌లో. పిల్లకి ఆమె టైములన్నీ ఎక్కాల్లా వచ్చు. 2022లో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 సెకన్లు, ఇరవై ఏళ్ల నాటి జాతీయ రికార్డు పోయింది. 2023లో చైనా చెంగ్డూలో 12.78. 2025లో కొరియా గుమిలో 12.96, ఆసియా బంగారం. కానీ మా పిల్ల వాళ్ల నాన్నకి రోజూ వినిపించేది ఆమెవి లెక్కలోకి రాని పరుగులే. 2020లో కర్ణాటక మూడబిదిరెలో 13.03 వస్తే, డోప్ పరీక్ష, అంటే మందులేమైనా వాడారేమో చూసే పరీక్ష, జరగలేదని రికార్డు ఇవ్వలేదు. 2022లో కోజికోడ్‌లో 13.09 వస్తే, వెనకగాలి సెకనుకి 2.1 మీటర్లు ఉంది, 2.0 దాటకూడదు. "రెండుసార్లు ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారు నాన్నా, ఆమె మానేసిందా?" అంటుంది. దానికి అన్నయ్య దగ్గర జవాబు లేదు. టీ తాగుతాడు.

ఇప్పటిదాకా చూసింది ముందు రోజుల్లోది. ఇక ఇవాళ్టి సంగతి. మేము వచ్చి పది రోజులైంది, ఇది ఆఖరి ఉదయం, రాత్రికి ఫ్లైటు. మాస్టారు ఏడు హర్డిల్స్‌కీ టైమ్ తీస్తానన్నారు. పాత షూలే, ఎడమదానికి పక్క కుట్టు ఊడితే చెప్పులు కుట్టేవాడితో కుట్టించారు. మాస్టారు నాలుగు గడ్డి పరకలు తుంచి గాల్లోకి వదిలారు. ఆయన గాలి మీటరు అదే. నేను ఈసారి ఫినిష్ వైపే నిలబడ్డాను, కెమెరా కూడా అటే తిప్పాను, రికార్డింగ్ ఎర్రచుక్క వెలుగుతోందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

నాకు తెలియకుండా వెనకాల వదిన వచ్చి నిలబడింది. చేతిలో టిఫిన్ బాక్సు, పైట కొంగు నడుముకి చెక్కి ఉంది. గ్రౌండ్‌కి రావడం నేనెప్పుడూ చూడలేదు. మాస్టారు విజిల్ ఊదారు. పిల్ల ఒంగి లేచింది. ఎనిమిది అడుగులు, మొదటిది దాటింది. తడిమట్టి మీద స్పైక్స్ చప్పుడు ఎలా ఉందంటే, రోట్లో పచ్చడి నూరుతున్నట్టు గబగబా, ఒకే లెక్కలో. రెండు, మూడు, నాలుగు. వెదురుబద్ద హర్డిల్‌ని కాలు తాకింది, అది ఊగి నిలబడింది. చివరి గీత దాటి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆయాసపడుతోంది. మాస్టారు వాచీ చూస్తున్నారు, పెదవి విరవలేదు, నవ్వనూ లేదు.

నేను పరిగెత్తుకెళ్లి, "సూపర్ బుజ్జీ, అదరగొట్టేశావ్!" అంటున్నాను. వెనక నుంచి వదిన టిఫిన్ బాక్సు మూత తీస్తూ, మామూలుగా, కూరలో ఉప్పు సంగతి అడిగినట్టు అడిగింది.

"ఆరోదాని దగ్గర మళ్లీ నాలుగు పడ్డాయి కదే?"