మృగశిరకు ముందే ముగించాల్సిన ఇంటి పనులు

అందరికీ నమస్కారం. వేసవిలో చేతిలో నాలుగు డబ్బులు ఆడితే సొంతింటివాళ్లం ముందుగా రంగుల దుకాణానికి వెళ్తాం. శ్రావణం వచ్చేసరికి ఆ రంగు పెచ్చులూడుతుంది. రంగు ఆఖరి పని. మొదట సామాను కదిలించాలి, తరవాత నీళ్లు దూరే దారులు మూయాలి, గోడ పూర్తిగా ఎండాకే బ్రష్ పట్టాలి. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది కనుక గడువు పెద్దగా లేదు.

అటక దగ్గర మొదలుపెట్టమనడానికి కారణం ఉంది. చెమ్మ మరక, చెద బాట ఎప్పుడూ పెట్టెల వెనకే ఉంటాయి. టీవీ కొన్నప్పటి అట్టపెట్టె గ్యారంటీ తీరిపోయినా అటక దిగదు. చెదలకు అంతకన్నా విందు లేదు. అన్నీ దించి, తెరిచి చూసి, ఉంచదలచినవి మూతున్న ప్లాస్టిక్ లేదా రేకు పెట్టెల్లోకి మార్చండి. గోడకూ పెట్టెకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి. గోడ మీద మట్టి గీత కనిపిస్తే చీపురుతో దులిపి ఊరుకోవద్దు. అది నేలలోంచి చెదలు వస్తున్న దారి, మందు అది మొదలయ్యే చోట పడాలి. బొంతలు, ఉన్నివి రెండు పూటలు ఎండలో వేసి, వేడి చల్లారాక మడవండి. వేడి మీద మూత పెడితే లోపల చెమర్చి బూజు పడుతుంది. వేపాకు వేసేవాళ్లు బాగా ఎండినదే వేయాలి. కలరా ఉండలు గుడ్డలో కట్టి పెట్టండి, పిల్లల చేతికి అందనివ్వకండి.

పాత ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలగొట్టి చెత్తలో వేయకూడదు. అవీ, పాత సెల్‌ఫోన్లూ, బ్యాటరీలూ విడిగా కట్టి ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి. విరిగిన ప్లాస్టిక్ కుర్చీని భోగి మంట కోసం దాచడం మాత్రం మానేద్దాం.

ఇక డాబా. అసలు ఖర్చూ, అసలు పొరపాట్లూ ఇక్కడే. ముందు వాననీటి గొట్టాల జాలీలు శుభ్రం చేసి, బకెట్లతో నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో సుద్దతో గీయండి. నూరు అడుగుల పొడవుకు కనీసం ఒక అడుగు వాలు ఉండాలి. కారే చోటు తెలియకపోతే డాబా మొత్తం నింపక్కర్లేదు. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లంటే 2,300 లీటర్ల పైమాటే. పాత స్లాబుకు అంత బరువూ మంచిది కాదు. అనుమానమున్న మూల చుట్టూ మట్టి గట్టు కట్టి అంగుళం నీళ్లు ఒక రోజంతా నిలపండి. మట్టం తగ్గిందని కంగారు పడకండి, ఎండకు ఆవిరవుతుంది. కింద గది పైకప్పునే చూడాలి. లోపల మరక ఉన్నచోటే పైన పగులు ఉండాలని లేదు. నీళ్లు స్లాబులో కొంత దూరం ప్రయాణించి దిగుతాయి.

ఎక్కువగా కారేది పిట్టగోడ, స్లాబు కలిసే మూలలోనే. అక్కడ ఒకటికి మూడు పాళ్ల సిమెంటు, ఇసుకతో గోలా, అంటే మూలను వంపుగా పూడ్చే గట్టు కట్టించండి. పగులును ఉలితో సెంటీమీటరు లోతు వి ఆకారంలో తెరిచి, వైరు బ్రష్‌తో రుద్ది, కడిగి, తడి ఆరకముందే లేటెక్స్ (పట్టు పెంచే పాలలాంటి ద్రవం) కలిపిన సిమెంటు పాలు పూయాలి. ఆ పూత జిగటగా ఉండగానే మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) నింపాలి. మేస్త్రీ టీకి వెళ్లొచ్చేలోగా ఆ పూత ఎండితే పట్టు రాదు, పొర ఊడుతుంది. రోహిణి ఎండలో మధ్యాహ్నం వేసిన మాలు సాయంత్రానికే వెంట్రుక పగుళ్లు ఇస్తుంది. తెల్లవారుజామున వేయించి, తడి గోనెసంచులు కప్పి ఏడు రోజులు తడపండి. అది పూర్తిగా ఆరాకే వాటర్‌ప్రూఫ్ పూత. మొదటి కోటు అడ్డంగా, రెండోది నిలువుగా, మధ్యలో డబ్బా మీద రాసినంత విరామం. ఎండకు కాలుతున్న స్లాబు మీద వేస్తే బుడగలు లేస్తాయి. డబ్బా ఎంత మేర వస్తుందో చెప్పే కవరేజీ అంకె ఒక్క కోటుకా, రెంటికా చూసుకుని కొనండి. గరుకు స్లాబు ఇంకా ఎక్కువ తాగుతుంది.

సున్నం కొట్టిస్తే చాలదా అంటారు. తెల్లటి పైకప్పు వేడిని తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానమే తెచ్చింది. కానీ సున్నం నీటిని ఆపదు. పగుళ్లు పూడ్చాకే వెల్ల.

ఒక హెచ్చరిక. పగులు కొసల్లో పెన్సిల్‌తో గీసి తేదీ రాయండి. గీత దాటి పెరుగుతున్నా, తుప్పు మరకతో పెచ్చులు రాలుతున్నా ఇంజినీరును పిలవండి. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోస్తుంది. పైన ఎంత పూసినా నిలవదు.

కుళాయి సంగతి చిన్నదే. క్షణానికో చుక్క కారితే రోజుకు సుమారు 20 లీటర్లు. గేటు వాల్వ్ మూసి, స్పానర్‌తో స్పిండిల్ (పిడి కింద తిరిగే కాడ) విప్పి వాషరు మార్చండి. కొత్తదీ త్వరగా అరిగిపోతే వాషరు ఆనే లోపలి సీటు గీసుకుపోయినట్టు. పావు వంతు తిప్పితే తెరుచుకునే కుళాయిల్లో స్పిండిలే మొత్తం మార్చాలి.

తలుపులు వానల్లో బిగుస్తాయని జూలైలో చిత్రిక పట్టిస్తారు, సంక్రాంతికి సందు పడుతుంది. ఉబ్బడానికి తరచూ కారణం కింది అంచుకు రంగు లేకపోవడమే, అక్కడ ఎక్కువగా బ్రష్ పెట్టరు. మే నెలలో తలుపు రెక్క దించి, కిందా పైనా అంచులకు రెండు కోట్ల వార్నిష్ వేయించి మళ్లీ బిగించుకోండి.