ఆడిట్ అభ్యంతరం రాశారు సరే, డబ్బు తిరిగి వచ్చిందా?

ఒక పురపాలక సంఘంలో ఒకే సిమెంటు రోడ్డు పనిని ముక్కలు చేసి, టెండరు పిలవకుండా నామినేషన్ మీద, అంటే తాము ఎంచుకున్నవారికే, పంచిపెట్టారన్న ఆరోపణపై జరిగిన చర్చ ఇది. అడ్డుతగిలిన మాటలను కూడా అలాగే ఉంచాం. గుత్తేదారుల ప్రతినిధి లేవనెత్తిన పెండింగ్ బిల్లుల సంగతికి దక్కవలసిన సమయం దక్కలేదు.

మోడరేటర్: సూటిగా అడుగుతాను. ఆడిట్ వారు అభ్యంతరం రాశారు. డబ్బు తిరిగి వచ్చిందా?

విశ్రాంత ఆడిట్ అధికారి: ముందు పనిని ఎలా చీల్చారో చూడాలండి. గుడి నుంచి బడి దాకా ఒక పని, బడి నుంచి చెరువు కట్ట దాకా ఇంకో పని. ప్రతి ముక్కా నామినేషన్ పరిమితికి కాస్త లోపే. ఏ ఫైలుకు ఆ ఫైలు చూస్తే సక్రమమే. పక్కపక్కన పెడితేనే...

గుత్తేదారుల ప్రతినిధి: అంచనాలు వేసేది ఇంజినీర్లు, మంజూరు చేసేది కౌన్సిల్. ముక్కలు చేసింది మేమా?

ఆడిట్ అధికారి: పూర్తి చేయనివ్వండి. ముంబయి నగరపాలక సంస్థపై కాగ్ ప్రత్యేక నివేదిక 2023 మార్చిలో మహారాష్ట్ర శాసనసభకు వచ్చింది. టెండర్లు లేకుండా ఇచ్చిన పనులు 214 కోట్ల రూపాయల పైమాటే. మరో 64 పనుల్లో, దాదాపు 4,756 కోట్ల విలువైనవి, ఒప్పందమే రాసుకోలేదు! ఒప్పందం లేకపోతే పని చెడినప్పుడు ఎవరిని పట్టుకుంటారు?

మోడరేటర్: నేనడిగేదీ అదే. రికవరీ ఎంత?

మాజీ సర్పంచ్: ముంబయి సరే, మా పంచాయతీలకు రండి. 2021-26 నాటి పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే పెట్టాలన్నారు. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో లేకపోతే గ్రాంటు రాదన్నారు. పన్నుల వసూలు నుంచి లెక్కల దాకా అన్నీ చూసుకునే కార్యదర్శి ఒక్కరే...

ఆడిట్ అధికారి: లెక్కలు ఎక్కించడం వేరు, పని కొలవడం వేరు. ఎం-బుక్కులో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఆరంగుళాల మందం అని ఉంటుంది. మేము వెళ్లేసరికి బిల్లు చెల్లించి ఏళ్లవుతుంది. రోడ్డును తొలిచి నమూనా ముక్క (కోర్) తీసి చూడకుండా ఆ ఆరంగుళాలు నిజమో కాదో ఎవరు చెబుతారు?

గుత్తేదారుల ప్రతినిధి: చెల్లించారంటున్నారు, మాకు బిల్లులే రావడం లేదండి! వడ్డీకి తెచ్చి పని చేస్తాం. డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని చోట టెండరు పిలిచినా పోటీకి ఎవరొస్తారు? అక్కడి నుంచే నామినేషన్...

ఆడిట్ అధికారి: బిల్లు ఆలస్యమైతే సిమెంటు తగ్గించవచ్చా?

గుత్తేదారుల ప్రతినిధి: నేను ఆ మాట అనలేదు.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

మోడరేటర్: ఒక్కొక్కరే, దయచేసి. బిల్లుల మీద మరోసారి మాట్లాడుదాం. రికవరీ...

మాజీ సర్పంచ్: ఉపాధి హామీలో మన దగ్గర 2006 నుంచే సామాజిక తనిఖీ ఉంది. మస్టరు, అంటే కూలీల హాజరు పట్టీ, అందరి ముందూ చదివితే రాని కూలీ పేరు ఊరే చెబుతుంది. రోడ్డుకూ అలాగే ఎం-బుక్ చదవండి. ఎక్కడ ఎంత కంకర పడిందో ఆ వీధివారికి తెలుసు.

ఆడిట్ అధికారి: మొదటి నుంచీ నేను చెబుతున్నదీ అదే!

మాజీ సర్పంచ్: మీరు ముంబయి గురించి చెప్పారు.

ఆడిట్ అధికారి: రెండూ ఒకటే. 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టంలోనే సర్‌ఛార్జీ వేసే, అంటే నష్టాన్ని బాధ్యుల నుంచే రాబట్టే, అధికారం ఉంది. దాన్ని వాడాలి. సంతకం చేసిన ప్రతి ఒక్కరి నుంచీ వసూలు చేయాలి. ఏళ్ల తరబడి అభ్యంతరాలకు జవాబు రాయని కార్యాలయాలు చూశాను. అది ప్రజల సొమ్ము, ఇంటిపన్ను కట్టిన వితంతువు సొమ్ము!

మోడరేటర్: అదే నా ప్రశ్న కూడా. అంటే రికవరీయే అసలు మందు అని అందరూ ఒప్పుకున్నట్టే...

గుత్తేదారుల ప్రతినిధి: నేను ఒప్పుకోలేదు. బిల్లుల సంగతి తేల్చకుండా...

మోడరేటర్: సమయం అయిపోయింది. చివరగా అధికారి గారు, అర నిమిషంలో.

ఆడిట్ అధికారి: అర నిమిషం చాలదండి. ముక్కలు చేసిన పని ఫైళ్లన్నీ ఒకే బల్ల మీద పెట్టమనండి, ఇంజినీరు సంతకం, కమిషనరు సంతకం, అన్నీ...

(ప్రసార సమయం ముగిసింది.)