యూరియా కట్ట ఎవరి పేరున రాయాలి?

[నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర వరి చేను గట్టు. వ్యాఖ్యాత చేతిలో ఖాళీ యూరియా కట్ట.]

నమస్కారం. ఈ కట్టను ఒకసారి చూడండి. పైన ‘భారత్ యూరియా’ అని రాసి ఉంది. బరువు 45 కిలోలు, రైతు చెల్లించే ధర 266 రూపాయల 50 పైసలు. ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ఈ వీడియో చేయడానికి కారణం ఒక మాట. పెళ్లి భోజనాల దగ్గర వింటున్నాను, బస్సులో వింటున్నాను, టీ కొట్టు దగ్గర వింటున్నాను. “ఎరువుల సబ్సిడీ కంపెనీలకు ఎందుకివ్వాలి? గ్యాస్ సిలిండరుకు చేసినట్టు రైతు ఖాతాలో వేసేస్తే సరిపోతుంది కదా! ఢిల్లీ వాళ్లకు ధైర్యం లేదు, అంతే.”

ఈ మాట అనేది ఎక్కువగా చదువుకున్నవాళ్లే. అందుకే బాధగా ఉంటుంది. ధైర్యం సంగతి తరువాత చూద్దాం. ముందు ఈ కట్ట ఎవరిదో తేల్చాలి.

[తెర మీద: ఎరువుల దుకాణం, ఈపాస్ యంత్రం]

సోమశిల నీళ్లు వదిలి, నాట్లు పడిన తరువాత మా దుకాణాల దగ్గర జరిగేది చెబుతాను. మా ఊరి కౌలు రైతు ఒకాయన ఉన్నారు, అరవై దాటిన మనిషి. ఆధార్ నంబరు చెప్పి, అమ్మకాలు నమోదు చేసే ఈపాస్ యంత్రం మీద వేలు పెట్టారు. పడలేదు. తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ పెట్టారు, పడలేదు. నలభై ఏళ్లుగా నారు పీకి, గట్లు చెక్కిన వేలు అది, గీతలు ఎక్కడుంటాయి? మూడోసారి మధ్యవేలు పెడితే యంత్రం ఒప్పుకుంది. చీటీ వచ్చింది, కట్టలు వచ్చాయి. నేను పక్కనే ఉన్నాను. “ఇప్పుడు ఆ కట్టలు ఎవరి చేనికి వెళ్తున్నాయో యంత్రానికి తెలుసా మామా?” అని అడిగాను. “దానికేం తెలుసు నాయనా? వేలు నాది. చేను చెన్నైలో ఉన్నాయనది” అన్నారు.

ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగుదాం.

2018 నుంచి దేశమంతటా ఎరువులు ఈ పద్ధతిలోనే అమ్ముతున్నారు. ‘ప్రత్యక్ష నగదు బదిలీ’ అని పేరు పెట్టారు కాబట్టి నగదు రైతుకు వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. రైతు వేలిముద్ర పడి, అమ్మకం నమోదయ్యాక, ఆ లెక్క ప్రకారం సబ్సిడీ కంపెనీకి వెళుతుంది. యంత్రానికి తెలిసేది కొన్నవారి పేరు, కట్టల సంఖ్య. కొన్నవారు ఎన్ని ఎకరాలు చేస్తున్నారు, అసలు చేస్తున్నారా లేదా అన్నది దానికి తెలియదు. ఆధార్ చూపిస్తే ఎవరికైనా ఇస్తుంది. ఇది నిర్లక్ష్యం వల్ల వదిలేసిన లోపం కాదు. పట్టాదారు పుస్తకం చూపిస్తేనే అమ్మాలని నియమం పెట్టి ఉంటే మా మామ లాంటివాళ్లు వట్టి చేతులతో ఇంటికి పోవాల్సి వచ్చేది.

ఇప్పుడు ఈ కట్టతోనే లెక్క వేద్దాం. 45 కిలోల కట్టకు అసలు ఖర్చు దాదాపు 2,200 రూపాయలని 2023 జూన్‌లో కేంద్ర మంత్రివర్గ నిర్ణయాన్ని ప్రకటిస్తూ ప్రభుత్వమే చెప్పింది. యూరియా తయారీకి వాడే సహజవాయువు ధరను బట్టి ఇది మారుతూ ఉంటుంది. మనం ఆ అంకెనే పట్టుకుందాం.

[తెర మీద: 5 ఎకరాలు × 3 కట్టలు = 15 కట్టలు]

ఐదెకరాల కౌలు, ఎకరాకు మూడు కట్టలు అనుకుందాం. మొత్తం పదిహేను. ఇప్పటి ధరకు ఆయన పెట్టే డబ్బు సుమారు 4,000 రూపాయలు. సబ్సిడీ ఖాతాలో వేసి, కట్టను అసలు ధరకే అమ్మితే ఆయన ముందుగా 33,000 రూపాయలు తేవాలి. ఎక్కడి నుంచి? కౌలు పత్రం లేనివారికి బ్యాంకులో పంట రుణం దొరకడం గగనం. మిగిలింది నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఆపైన ప్రభుత్వం వేసే 29,000 రూపాయలు ఎవరి ఖాతాలో పడతాయి? భూమి రికార్డులో పేరున్న యజమాని ఖాతాలో. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. మామకు ఆయన మీద గౌరవమే ఉంది. కానీ ఆ డబ్బు పిలిచి తిరిగి ఇవ్వాలని ఏ చట్టమూ చెప్పదు. మా వైపు కౌలు పుట్ల లెక్కన మాట్లాడుకుంటారు, పుట్టి అంటే 850 కిలోలు. ఆ ఒప్పందమంతా నోటి మాట. దానికి కాగితం ఉండదు.

“ఇది ఊహే కదా” అనవచ్చు. పీఎం కిసాన్‌ను చూడండి. ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. సొంత భూమి ఉన్న కుటుంబాలకే ఇస్తారు. కౌలుకు చేసేవారు అందులో లేరు. అదే రికార్డు, అదే జాబితా. యూరియా డబ్బును కూడా దాని మీదే వేస్తే ఇంకోలా ఎందుకు జరుగుతుంది?

గ్యాస్ పోలికకు వద్దాం. 2015 జనవరి నుంచి సిలిండరు సబ్సిడీని దేశమంతటా ఖాతాలో వేశారు. మంచి సంస్కరణ, నేను మెచ్చుకుంటాను. అది ఎందుకు నిలబడింది? కనెక్షను ఎవరి పేరున ఉందో సాధారణంగా ఆ ఇంట్లోనే పొయ్యి వెలుగుతుంది. పుస్తకమూ పొయ్యీ ఒకే కప్పు కింద ఉంటాయి. చేను అలా కాదు. పాసుపుస్తకం చెన్నైలో, నాగలి కోవూరులో. ఈ తేడా తెలియకుండా “గ్యాస్‌కు చేశారుగా” అనడం అన్యాయం.

మరి కౌలు రైతు పేరు రాసేస్తే పోదా? ఇక్కడే ఢిల్లీ చేయి ఆగిపోతుంది. భూమి, కౌలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం చేసి సాగుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. దాని కింద పదకొండు నెలలకు కార్డు ఇస్తారు, కానీ యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ చేయి జారిపోతుందోనని యజమానికి భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను వేరొకరికి ఇస్తారేమోనని కౌలు రైతుకు భయం. చట్టం యజమాని హక్కుకు ముప్పు లేదని చెబుతుంది. అయినా రెండు భయాలూ అలాగే ఉన్నాయి. ఇద్దరూ మౌనంగా ఉంటే కట్ట మీద పేరు ఖాళీగానే ఉంటుంది.

ఇప్పుడు భూమి రికార్డులతో కలిపి రైతులకు విశిష్ట సంఖ్యలు ఇస్తున్నారు. అవసరమైన పనే. ఆ సంఖ్య సాగు చేసే చేతికి కూడా అందాలని నా గట్టి కోరిక. లేకపోతే పాత తప్పునే కంప్యూటర్‌లోకి ఎక్కించినట్టవుతుంది.

[గట్టు మీద నడుస్తూ]

ధైర్యం సంగతి. ధైర్యం చేశారు. 1991 జూలై 24 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ ఎరువుల ధర 40 శాతం పెంచుతున్నట్టు ప్రకటించారు. నిరసన వచ్చింది. 30 శాతానికి తగ్గించి, చిన్న, సన్నకారు రైతులకు పెంపు లేదన్నారు. గమనించారా? మళ్లీ అదే ప్రశ్న. దుకాణం ముందు నిలబడ్డవారిలో చిన్న రైతు ఎవరో తేల్చేదెలా? మరుసటి ఏడు, 1992 ఆగస్టులో, భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తేశారు. యూరియా మీద మాత్రం నియంత్రణ ఉంచారు. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చినప్పుడు కూడా యూరియాను బయటే ఉంచారు. టన్ను ధర 2012 నవంబరులో 5,360 రూపాయలకు చేరి, అక్కడే ఆగింది.

దాని ఫలితం ఈ చేలోనే కనిపిస్తుంది. భాస్వరం ఇచ్చే డీఏపీ కట్ట 1,350, యూరియా 266. రైతు చేయి దేని మీదకు వెళుతుంది? చేను నల్లగా, ఏపుగా కనిపిస్తుంది. ఆ ఏపుకే పైరు రసం పీల్చే దోమ వస్తుంది, గాలివానకు చేను పడిపోతుంది. పడిన చేను కోయడానికి యంత్రం గంటలు పెరుగుతాయి. చవకగా వచ్చిన కట్ట అలా ఖరీదవుతుంది. ఇందులో రైతు అత్యాశ లేదు, ధరలు చూపించిన దారిలోనే నడిచాడు. ఉక్రెయిన్ యుద్ధం వచ్చి గ్యాస్ ధర మండిన 2022-23లో మొత్తం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది. ఇలా ఎప్పటికీ సాగదని నేనూ ఒప్పుకుంటాను. కానీ వరుస ముఖ్యం. ముందు సాగుదారు పేరు, తరువాత నాట్లకు ముందే ఎకరాల లెక్కన ఖాతాలో డబ్బు, ఆ తరువాత ఏడాదికి కొంత చొప్పున ధర పెంపు. తలకిందులుగా చేస్తే మొదట మునిగేది మామ లాంటివాళ్లే.

సమయం అయిపోతోంది, ‘ఢిల్లీకి ధైర్యం లేదు’ అనే మాట వినిపించే మిగతా సంస్కరణల సంగతి త్వరగా చెబుతాను. కార్మిక కోడ్లు: 29 చట్టాలను నాలుగుగా కలిపారు. ఒకటి 2019లో, మూడు 2020లో పార్లమెంటు దాటాయి, అమలులోకి వచ్చింది 2025 నవంబరు 21న. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, రాష్ట్రాలు కూడా నియమాలు రాసుకోవాలి. అక్కడా ఇదే కట్ట. చీమకుర్తి క్వారీలో రాయి కోసే మనిషి పేరు హాజరు పట్టీలో లేకపోతే కోడ్ ఆయన దాకా ఎలా వస్తుంది? సాగు చట్టాలు: 2020 సెప్టెంబరులో మూడు చేశారు, 2021 నవంబరులో ఉపసంహరించారు. మెజారిటీకి లోటు లేదు. రాష్ట్రాలతో, రైతు సంఘాలతో ముందుగా జరగాల్సిన చర్చ జరగలేదు. దీని మీద విడిగా ఒక వీడియో చేస్తాను, రెండు మాటల్లో తేలేది కాదు.

మామ సంగతి చెప్పి ఆపేస్తాను. ఈసారి సాగుదారు కార్డు ఫారం తెచ్చుకున్నారు. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం అన్నీ నేనే నింపాను. యజమాని గడి ఒక్కటే ఖాళీ. ఆయన సంక్రాంతికి ఊరికి వస్తారు. ఫారం మడత పడకుండా ఇదిగో, ఇలాంటి ఖాళీ కట్టలోనే చుట్టి దూలానికి కట్టి ఉంచారు. సంతకం పడిందో లేదో పండగ తరువాత చెబుతాను.